వాలెట్ డబ్బాలో గీకుడు కార్డు కనిపిస్తే అక్కడే ఆగండి

రెండు రాత్రులుగా నిద్ర లేదు. రాతలో తప్పులుంటే సర్దుకోండి.

ఆ షాపు మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. కంపెనీ రేటు మీద రెండు వేలు తగ్గించి, "సీల్డ్ పీస్ సార్, ఎల్లుండికల్లా మీ ఇంట్లో" అని హార్డ్‌వేర్ వాలెట్లు, అంటే క్రిప్టో కాయిన్ల రహస్య తాళాలు దాచుకునే చిన్న పరికరాలు, అమ్ముతుంటాడే, వాడే. ఫిర్యాదు పెట్టాను కాబట్టి పేరు రాయడం లేదు. 2024 జూలైలో వజీర్‌ఎక్స్ అనే క్రిప్టో ఎక్స్‌చేంజీలో (కాయిన్లు కొని, అమ్మి, దాచుకునే చోటు) దాదాపు రెండు వేల కోట్లు కొట్టేశారని చదివినప్పటి నుంచీ నాకు టెన్షన్. నా కాయిన్లు ఉన్నది వేరే ఎక్స్‌చేంజీలో, అయినా టెన్షనే. తాళాలు మన చేతిలో లేకపోతే కాయిన్లు మనవి కావని అందరూ చెబుతుంటే సరే అని కొన్నాను.

డబ్బా బాగానే వచ్చింది. పైన ప్లాస్టిక్ చుట్టి, మెరిసే స్టిక్కర్ అంటించి ఉంది. లోపల పరికరం, కేబుల్, చిన్న పుస్తకం, ఒక కార్డు. కార్డు మీద వెండి రంగు పూత. "మీ కోసం ఫ్యాక్టరీలోనే తయారుచేసిన 24 రికవరీ పదాలు. గీకండి, పరికరంలో ఎక్కించండి, ఎవరికీ చూపించకండి" అని పుస్తకంలో ఉంది. ఈ పదాలు ఎవరికి తెలిస్తే వాళ్లు ఆ వాలెట్లోని కాయిన్లన్నీ తీసేసుకోవచ్చు. ఎవరికీ చూపించొద్దట! దొంగ ఎంత శ్రద్ధగా జాగ్రత్త చెప్పాడో చూడండి.

డైనింగ్ టేబుల్ మీద కార్డు పెట్టి రూపాయి బిళ్లతో గీకాను. మా ఆవిడ చూసి "ఇంకా రీఛార్జ్ కార్డులు అమ్ముతున్నారా?" అంది. పెద్ద తెలిసినవాడిలా నవ్వాను. బూడిద రంగు పొడి ఊదుకుంటూ, ఉన్న రెండు బటన్లే నొక్కుతూ, ఒక్కో అక్షరం వెతికి 24 పదాలూ ఎక్కించేసరికి ముప్పావు గంట పట్టింది. అంతకుముందు పరికరం ఒక ప్రశ్న అడిగింది: కొత్త వాలెట్ తయారు చేయాలా, పాతది తిరిగి తెచ్చుకుంటారా? పుస్తకంలో ఉందని రెండోది నొక్కాను. డబ్బా విప్పి పది నిమిషాలు కాలేదు, నాకు పాత వాలెట్ ఎక్కడిది? ఆ ప్రశ్న బుర్రకి తట్టలేదు. ఇరవై ఏళ్లుగా కంప్యూటర్ల మీదే బతుకుతున్నాను, సిగ్గుగా ఉంది.

కంపెనీ యాప్ "అసలైన పరికరమే" అని చూపించింది. ముందు 0.01 ఈథర్ (నా దగ్గరున్న క్రిప్టో కాయిన్ పేరు అది) పంపి చూశాను. మూడు రోజులు కదల్లేదు. అది ఎర అని ఇప్పుడు తెలుస్తోంది. ఆదివారం సాయంత్రం ఉన్నదంతా, 1.6 ఈథర్, పంపేశాను. నాలుగు లక్షల పైమాట. భోజనం చేసి వచ్చి చూస్తే సున్నా. వచ్చిన తొమ్మిది నిమిషాలకే వెళ్లిపోయింది. పరికరం బీరువాలో ఉంది, కార్డు నగల డబ్బాలో ఉంది. సొమ్ము మాత్రం లేదు.

షాపువాడికి ఫోన్ చేశాను. కొనేటప్పుడు మాటకి నాలుగు సార్లు "సార్" అన్న మనిషి. విషయం చెప్పగానే, "నీ పదాలు నువ్వే ఎవరికో చెప్పుకుని మా మీద పడితే ఎలా బాస్? చదువుకున్నోడివేగా" అన్నాడు. కార్డు మీరే ఇచ్చారు కదయ్యా అన్నాను. ఒక్క క్షణం ఆగి, "సెటప్ చాలా ఈజీ అని రివ్యూలో మీరే రాశారు కదా సార్" అన్నాడు. ఆ "సార్" మళ్లీ వచ్చింది చూశారా, నాలుగు లక్షలకంటే అదే ఎక్కువ మండుతోంది. ఫోన్ పెట్టేశాడు, నంబర్ బ్లాక్ చేశాడు. అవును, మొదటి రోజే ఫైవ్ స్టార్ ఇచ్చింది నేనే. కార్డు ఫొటో కూడా పెట్టాను, అదృష్టం, గీకక ముందుది. అదృష్టమేమిటిలెండి, చూడాల్సినవాడు ముందే చూసుకున్నాడు.

తర్వాత మా ఫ్రెండ్ అడిగింది ఒకటే: "ఒరే, పదాలు పరికరం చూపిస్తే నువ్వు రాసుకున్నావా, వాళ్లే రాసిచ్చారా?" అంతే, కాళ్లు చల్లబడ్డాయి. 2048 పదాల పట్టికలోంచి ఆ 24 పదాలనీ పరికరమే మొదటిసారి ఆన్ చేసినప్పుడు తనంతట తాను పుట్టించాలి, తన తెరమీదే చూపించాలి. డబ్బాలో వచ్చే కార్డులు ఖాళీగా ఉండాలి, మన చేత్తో మనం రాసుకోవాలి. నాకిచ్చిన పరికరం నిజంగా అసలైనదే, అందుకే యాప్ పట్టుకోలేదు. మోసమంతా ఆ అట్టముక్కలో ఉంది. తాళంకప్ప అమ్మి రెండో తాళంచెవి జేబులో వేసుకున్నాడన్నమాట. 2018లోనే విదేశాల్లో ఇదే గీకుడు కార్డు మోసం వార్తల్లోకి వచ్చిందట, వెతికి ఉంటే రెండు నిమిషాల్లో దొరికేది.

సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేశాను, సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టాను. బ్యాంకు డబ్బయితే మధ్యలో ఆపించే వీలుంటుంది, దీన్ని వెనక్కి తిప్పే బటన్ లేదు. లాభం వస్తే నా దగ్గర 30 శాతం పన్ను, దొంగకి మాత్రం గ్యాస్ ఫీజుతో (కాయిన్లు పంపినప్పుడు నెట్‌వర్క్‌కి కట్టే రుసుము) సరి.

కొనేవాళ్లు కంపెనీ సొంత సైట్లోనే కొనండి, రెండు వేలకి ఆశపడకండి. సీల్ చూసి నమ్మకండి. పదాలు ముందే రాసి వస్తే కాయిన్లు పంపకండి.

నా రివ్యూ మార్చాను, "పరిశీలనలో ఉంది" అంటోంది. పాతదే ఇంకా పైన కనిపిస్తోంది, 14 మంది "ఉపయోగపడింది" అని నొక్కారు. ఆ 14 మందిలో ఎవరైనా ఇది చదువుతుంటే, ఆ వాలెట్లో ఉన్నది ఈ రాత్రికే ముందు ఎక్స్‌చేంజీకి పంపేయండి. కార్డు పదాలని మళ్లీ వాడకండి.