గ్రేట్ స్వాంప్‌కి వెళ్తే ఆ చిన్న షాపులోకి కూడా వెళ్ళండి

న్యూజెర్సీలో పన్నెండేళ్ళుగా ఉంటున్నాం. బ్రిడ్జ్‌వాటర్ గుడికి ఎన్నిసార్లు వెళ్ళామో లెక్క లేదు. ఆ గుడి నుంచి అరగంట డ్రైవ్‌లో గ్రేట్ స్వాంప్ నేషనల్ వైల్డ్‌లైఫ్ రెఫ్యూజ్ అనే చిత్తడి అభయారణ్యం ఉందని మాత్రం మూడేళ్ళ క్రితం వరకు తెలియదు. మా పాపకి స్కూల్ ప్రాజెక్ట్ కోసం కప్పల ఫోటోలు కావాల్సి వచ్చి వెతుక్కుంటూ వెళ్ళాం, అప్పటినుంచి ఏడాదికి మూడు నాలుగు సార్లయినా వెళ్తున్నాం. పక్షుల గురించి, తాబేళ్ళ గురించి రివ్యూలు చాలామందే రాశారు కాబట్టి నేను ముఖ్యంగా ఆ చోటు వెనకాల ఉన్న ఫ్రెండ్స్ ఆఫ్ గ్రేట్ స్వాంప్ అనే వాలంటీర్ల గురించి, వాళ్ళు నడిపే షాపు గురించి, ఫాల్ ఫెస్టివల్ గురించి రాస్తాను.

ముందు వెళ్ళేవాళ్ళకి కావాల్సిన వివరాలు. బాస్కింగ్ రిడ్జ్‌లో ప్లెజెంట్ ప్లెయిన్స్ రోడ్ మీద విజిటర్ సెంటర్ ఉంది, లోపలికి టికెట్ లేదు, పార్కింగ్‌కీ డబ్బు కట్టక్కర్లేదు. పిల్లలతో, పెద్దవాళ్ళతో వెళ్ళేవాళ్ళు లాంగ్ హిల్ రోడ్ వైపు ఉన్న వైల్డ్‌లైఫ్ అబ్జర్వేషన్ సెంటర్‌కి వెళ్ళండి, అక్కడ చిత్తడి మీదుగా చెక్క వంతెనలా బోర్డ్‌వాక్ వేశారు, స్ట్రోలర్ కూడా తోసుకెళ్ళొచ్చు. చివర్లో ఒక చెక్క గది ఉంటుంది, బ్లైండ్ అంటారు, దాంట్లో కూర్చుంటే మనం పక్షులకి కనబడం, అవి మాత్రం కిటికీ సందుల్లోంచి మనకి బాగా కనబడతాయి. వుడ్ డక్ అనే బాతుని అంత దగ్గరగా నేను అక్కడే చూశాను, ఒక్క పిట్ట మీద అన్ని రంగులు ఉంటాయని అనుకోలేదు. మొత్తం రెఫ్యూజ్ 7,800 ఎకరాల దాకా ఉంటుంది, 244 రకాల పక్షుల్ని ఇక్కడ గుర్తించారట. టైమ్స్ స్క్వేర్ నుంచి 26 మైళ్ళే!

మా అమ్మ గుంటూరు నుంచి వచ్చినప్పుడు తీసుకెళ్ళాను. బోర్డ్‌వాక్ మీద పది అడుగులు వేసిందో లేదో ఆగిపోయి, "ఇది మన జమ్మే కదే" అంది. నిజమే, ఇక్కడివాళ్ళు క్యాట్‌టెయిల్ అనేది మన కొల్లేట్లో పెరిగే జమ్ము లాంటిదే. ఆగస్టు మొదట్లో వెళ్ళాం కాబట్టి నీళ్ళ ఒడ్డున చేయంత గులాబీరంగు పూలు పూసి ఉన్నాయి, వాటిని చూసి మందార అంది. అక్కడున్న వాలంటీర్ పెద్దావిడని అడిగితే స్వాంప్ రోజ్ మాలో అని పేరు చెప్పి, మీ అమ్మగారు చెప్పింది కరెక్టే, ఇది హైబిస్కస్ కుటుంబమే అంది. అమ్మకి ఇంగ్లీష్ రాదు, ఆవిడకి తెలుగు రాదు, అయినా ఇద్దరూ ఆ పువ్వు దగ్గర పావుగంట నిలబడ్డారు.

షాపు విజిటర్ సెంటర్‌లోనే ఉంటుంది, చిన్నది. పక్షుల పుస్తకాలు, పిట్టలకి గింజలు పెట్టే ఫీడర్లు, టీషర్టులు, పిల్లలకి బొమ్మలు. ధరలు ఆన్‌లైన్ కంటే కొంచెం ఎక్కువే అనిపించొచ్చు, నాకూ మొదటిసారి అలానే అనిపించి బయటకొచ్చేశాను. తర్వాత తెలిసింది ఏమిటంటే, కౌంటర్ దగ్గర ఉన్నవాళ్ళకి జీతం లేదు, అందరూ వాలంటీర్లే, అమ్మకంలో మిగిలిన డబ్బు తిరిగి రెఫ్యూజ్ పనులకే వెళ్తుంది. ఇప్పుడైతే మా పాప క్లాస్‌మేట్స్ బర్త్‌డే గిఫ్టులన్నీ అక్కడే కొంటున్నాను. పైగా ఆ కౌంటర్ దగ్గర దొరికే సమాచారం ఏ యాప్‌లోనూ దొరకదు. పొద్దున ఎక్కడ ఏం కనిపించింది, ఏ ట్రయల్ బురదగా ఉంది, పిల్లలు ఎంత దూరం నడవగలరు, అన్నీ మ్యాప్ మీద పెన్నుతో గీసి ఇస్తారు. తొందరపెట్టరు. మా పాప వరసగా ఇరవై ప్రశ్నలు అడిగితే ఇరవైకీ జవాబు చెప్పారు.

డక్ స్టాంప్ గురించి నాకు చెప్పింది కూడా ఆ పువ్వు పేరు చెప్పిన పెద్దావిడే. బాతుల్లాంటి నీటిపక్షుల్ని వేటాడేవాళ్ళు లైసెన్స్‌తో పాటు కొనాల్సిన స్టాంప్ అది, 1934 నుంచి ఉంది, ఇప్పుడు 25 డాలర్లు. వేటాడని వాళ్ళు కూడా కొనొచ్చు, ప్రతి డాలర్‌లో 98 సెంట్లు చిత్తడి నేలలు కొనడానికి, లీజుకి తీసుకోడానికి వెళ్తాయి. ఈ సంగతి పన్నెండేళ్ళుగా నాకెవరూ చెప్పలేదు. పోస్టాఫీసులో కొన్నాను, మా ఆయన ల్యాప్‌టాప్ బ్యాగ్‌కి ప్లాస్టిక్ కవర్లో పెట్టి తగిలించుకున్నాడు, ఆఫీసులో ఎవరడిగినా వివరంగా చెప్తున్నాడు.

ఇక నేను ఈ రివ్యూ రాయడానికి అసలు కారణం ఈ చోటు కథ. 1959 డిసెంబర్‌లో ఈ చిత్తడి మీద పెద్ద జెట్ విమానాశ్రయం కట్టబోతున్నారని వార్త బయటికొచ్చింది, ఇక్కడి విమానాశ్రయాలు, రేవులు నడిపే పోర్ట్ అథారిటీ అనే సంస్థ ప్లాన్ అది, సుమారు 10,000 ఎకరాలు. మంచుయుగంలో హిమానీనదం కరిగి ఏర్పడిన పాసేయిక్ అనే పెద్ద సరస్సు అడుగు ఈ నేల, వేల ఏళ్ళుగా వాననీళ్ళని స్పాంజ్‌లా పీల్చుకుని నెమ్మదిగా నదికి వదులుతోంది. అప్పట్లో చాలామంది దృష్టిలో మాత్రం అది ఎందుకూ పనికిరాని బురద. చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు ఒప్పుకోలేదు. హెలెన్ ఫెన్‌స్కీ అనే ఆవిడ తన వంటింటి బల్ల దగ్గర కూర్చుని ఉత్తరాలు, ఫోన్లతో ఉద్యమం నడిపిందని ఇప్పటికీ చెప్పుకుంటారు, విజిటర్ సెంటర్‌కి ఆవిడ పేరే పెట్టారు. మార్సెలస్ హార్ట్‌లీ డాడ్జ్ లాంటి డబ్బున్నవాళ్ళు ముందుకొచ్చారు, వేలమంది మామూలు మనుషులు కూడా తోచినంత ఇచ్చారు. అలా పది లక్షల డాలర్లకు పైగా పోగుచేసి, దాదాపు 3,000 ఎకరాలు కొని, ఆ భూమిని ఫెడరల్ ప్రభుత్వానికి దానంగా రాసిచ్చేశారు. ఆ రాసివ్వడంలోనే తెలివంతా ఉంది, ఫెడరల్ ప్రభుత్వ భూమి అయ్యాక పోర్ట్ అథారిటీ దాన్ని తీసుకోవడం అంత తేలిక కాదు కదా. 1960 నవంబర్ 3న రెఫ్యూజ్ ఏర్పడింది. అంతటితో విమానాశ్రయం గొడవ ఆగలేదు, తర్వాత కొన్నేళ్ళు నడుస్తూనే ఉంది, చివరికి 1968లో తూర్పు భాగాన్ని వైల్డర్‌నెస్‌గా చట్టం చేశాక గానీ జనం ఊపిరి పీల్చుకోలేదు. ఇప్పటికీ ఆ భాగంలోకి మోటారు బండి వెళ్ళకూడదు, నడిచే వెళ్ళాలి.

నెవార్క్‌లో విమానం దిగే ప్రతిసారీ నాకిది గుర్తొస్తుంది.

ఫాల్ ఫెస్టివల్‌కి రెండుసార్లు వెళ్ళాం. మనం మామూలుగా ఫండ్‌రైజర్ అంటే ఏం చూస్తాం? కొన్నేళ్ళ క్రితం వేరే ఒక సంస్థ డిన్నర్‌కి వెళ్ళాం, పేరు చెప్పను, ఒక్కొక్కరికి 100 డాలర్ల పైన టికెట్, స్టేజ్ మీద సన్మానాలు రెండు గంటలు, ఆ డబ్బు చివరికి దేనికి వాడారో ఈ రోజుకీ మాకు తెలియదు, మెయిల్ పెడితే జవాబు రాలేదు. అప్పటినుంచి చందా అంటేనే నాకు కొంచెం టెన్షన్. ఇక్కడ అలా లేదు. పిల్లలకి చేతిపనులు, వాలంటీర్ల వెంట నడకలు, టెలిస్కోప్‌లో పిట్టల్ని చూపించడం. చందా డబ్బా ఒక పక్కన ఉంటుంది, దాని గురించి ఎవరూ మన వెంటపడరు. నేను ఒకాయన్ని నేరుగానే అడిగాను, మీకిచ్చే డబ్బు ఏం చేస్తారు అని. ఆయన వివరించడం మొదలుపెట్టకుండా "రండి" అని తీసుకెళ్ళి పొలం అంచున గుంజకి కొట్టిన ఒక చెక్కపెట్టె చూపించాడు.

అది బ్లూబర్డ్ గూడు. ఆ పిట్ట తొర్రల్లో గూడు పెడుతుంది, తనంతట తాను తొర్ర తొలుచుకోలేదు. పాత ఎండు చెట్లు కొట్టేయడంతో తొర్రలు తగ్గిపోయాయి, ఉన్నవాటిని యూరప్ నుంచి తెచ్చి వదిలిన ఊరపిచ్చుకలు, స్టార్లింగులు ఆక్రమించాయి. (మన దగ్గర పిచ్చుకలు తగ్గిపోతున్నాయని బాధపడతాం, ఇక్కడ అదే పిచ్చుక ఇంకో పిట్ట ఇల్లు లాక్కుంటోంది. నాకు ఇది జీర్ణం కావడానికి టైం పట్టింది.) అందుకని పెట్టెలు పెట్టి, గూళ్ళ కాలంలో వాలంటీర్లు వంతులవారీగా తిరిగి ప్రతి పెట్టె తెరిచి చూసి, గుడ్లెన్ని, పిల్లలెన్ని, పిచ్చుక గూడు ఉందా అని రాసుకుంటారు. చెక్క, మేకులు, గుంజ, వీటికే కదా డబ్బు, మిగతాదంతా వాళ్ళ టైం. వుడ్ డక్‌లకీ ఇలాంటివే పెద్ద పెట్టెలు ఉంటాయి.

మా అమ్మకి ఇదంతా తెలుగులో చెప్తుంటే తను ఉప్పలపాడు గుర్తుచేసింది. గుంటూరు పక్కనే, ఊరి చెరువుల్లో తుమ్మచెట్ల మీద గూడబాతులు, ఎర్రకొంగలు వందలకొద్దీ గూళ్ళు పెడతాయి, చెట్లు చాలకపోతే నీళ్ళలో ఇనుప స్టాండ్లు కూడా నిలబెట్టారు. మా వైపు అన్నింటినీ సైబీరియా పక్షులు అనేస్తారు గానీ గూడబాతు మన దేశంలోనే పుట్టి పెరిగే పక్షి. ఊరివాళ్ళు ఆ కంపు, ఆ రెట్టలు, ఆ అరుపులు అన్నీ భరిస్తూ వాటిని ఉండనిచ్చారు, అది కూడా ఒక రకం చందానే అని నాకనిపిస్తుంది. అమెరికాలో మొట్టమొదటి రెఫ్యూజ్ కూడా గూడబాతుల కోసం పెట్టిందే, 1903లో ఫ్లోరిడాలో పెలికాన్ ఐలాండ్. దానికి ప్రభుత్వం డబ్బు కేటాయించకపోతే కాపలా మనిషికి పక్షుల్ని కాపాడే ఫ్లోరిడా ఆడుబాన్ సొసైటీ వాళ్ళు నెలకి 1 డాలర్ జీతం ఇచ్చారట. అంటే ఇక్కడ మొదటి రోజు నుంచీ ఇది జనం చందాలతో నడిచిన పనే.

ఇబ్బందులు కూడా చెప్పాలి. టిక్స్ ఉన్నాయి, మన దగ్గర పశువులకి పట్టే పిడుదుల్లాంటివి, లైమ్ జబ్బు వీటితోనే వస్తుంది. మొదటి ఏడాది మే నెలలో నేను చెప్పులేసుకుని, పాపకి షార్ట్స్ వేసి తీసుకెళ్ళాను, ఇంటికొచ్చి స్నానం చేయిస్తుంటే మోకాలి వెనక ఒకటి పట్టుకుని ఉంది. వెంటనే పట్టకారుతో తీసేశాం, ఏమీ కాలేదు, కానీ ఆ వారమంతా నాకు నిద్ర లేదు. కాబట్టి లేత రంగు పొడుగు ప్యాంట్లు, సాక్స్, షూస్, ఇంటికి రాగానే తల నుంచి కాలి దాకా చెకింగ్. జూన్, జూలైలో దోమలు బాగా ఎక్కువ. తినడానికి ఏమీ దొరకదు, పులిహోర కట్టుకెళ్ళండి, తిన్న చెత్త మళ్ళీ మీతోనే తెచ్చుకోండి. కుక్కల్ని తీసుకెళ్ళకూడదు, ఇది తెలియక వచ్చి వెనక్కి వెళ్ళిపోయిన వాళ్ళని చూశాను. వైల్డర్‌నెస్ వైపు ట్రయల్స్ వానలు పడ్డాక మోకాలి లోతు బురద, రబ్బరు బూట్లు లేకపోతే అటు పోవద్దు.

పెద్ద జంతువులు చూద్దామని వెళ్తే నిరాశపడతారు. జింకలు తప్ప పెద్దగా ఏవీ కనబడవు. ఇక్కడ చూడాల్సినవి చిన్నవి: మార్చి చివర్లో సాయంత్రం గోలీకాయంత కప్పలు చెవులు హోరెత్తేలా అరవడం, జమ్ము మీద ఎర్రభుజాల నల్లపిట్ట, నీలిమచ్చల సాలమాండర్, అది బల్లిలా కనిపిస్తుంది గానీ కప్పలకి చుట్టం. ఓపిగ్గా నిలబడితేనే కనిపిస్తాయి. రెఫ్యూజ్ పక్కనే మిల్లింగ్‌టన్‌లో రాప్టర్ ట్రస్ట్ ఉంది, దెబ్బలు తగిలిన డేగలకి, గుడ్లగూబలకి వైద్యం చేసే చోటు, అది కూడా చందాలతోనే నడుస్తుంది, పిల్లలకి పెద్ద పక్షులు చూపించాలంటే అటు కూడా ఒక అరగంట వెళ్ళిరండి.

నా రేటింగ్ 5కి 5. ఒక సగం మార్కు దోమలకి తగ్గిద్దామనుకున్నాను, కానీ వాటిని తినే పిట్టల కోసమే కదా వెళ్తున్నాం.

ఒక్క సంగతి మాత్రం మనవాళ్ళకి చెప్పాలని ఉంది. అన్నిసార్లు వెళ్ళినా వాలంటీర్లలో మన తెలుగువాళ్ళు నాకు ఒక్కరూ కనబడలేదు, బోర్డ్‌వాక్ మీద మాత్రం వారాంతాల్లో తెలుగు వినబడుతూనే ఉంటుంది. నెలకి ఒక పూట ఇచ్చినా చాలంటారు, పక్షుల పేర్లు తెలియాల్సిన అవసరం కూడా లేదు, నేర్పిస్తారు. మా ఆయన ముళ్ళగులాబీ పొదలు పీకే పనికి వెళ్ళాడు, చేతులు గీరుకుపోయి వచ్చాడు, మళ్ళీ వెళ్తానంటున్నాడు. నేను వచ్చే వసంతం నుంచి గూటి పెట్టెలు చూడటానికి పేరిచ్చాను. జూన్‌లో వెళ్ళేవాళ్ళు ప్లెజెంట్ ప్లెయిన్స్ రోడ్ మీద కారు బాగా నెమ్మదిగా నడపండి, గుడ్లు పెట్టడానికి తాబేళ్ళు రోడ్డు దాటుతుంటాయి. దాటించాలనిపిస్తే అది ఎటు వెళ్తోందో అటే దాటించండి, వెనక్కి తిప్పితే మళ్ళీ రోడ్డెక్కుతుంది.