ఆర్మేనియన్ల గురించి రాసేటప్పుడు: ఊచకోతా, జాతిహననమా?

ఏటా ఏప్రిల్ 24, అంటే 1915లో బలైన ఆర్మేనియన్లను స్మరించుకునే రోజు, రాగానే డెస్కులో ఇదే తకరారు.

శ్రమ: ‘ఊచకోత’ ఎవరికైనా ఇట్టే అర్థమవుతుంది, హెడ్డింగులో ఇముడుతుంది. ‘జాతిహననం’ (ఒక జాతినే లేకుండా చేయాలని చూడడం) అంటే ఒక వాక్యం వివరణ తప్పదు.

అర్థం: అసలు తేడా ఇక్కడే. ఊచకోత అంటే చంపడం, అంతే. 1915లో ఒట్టోమన్ సామ్రాజ్యంలో (నేటి టర్కీ దాని వారసురాలు) ఆర్మేనియన్లకు జరిగింది అంతకంటే ఎక్కువ. ముందు రాజధాని కాన్‌స్టాంటినోపుల్‌లో (నేటి ఇస్తాంబుల్) రచయితలను, నాయకులను అరెస్టు చేశారు. ఊళ్లలో మగవాళ్లను వేరు చేసి చంపారు. ఆడవాళ్లను, పిల్లలను, ముసలివాళ్లను సిరియా ఎడారిలోని దేర్ ఎజ్‌జోర్ వైపు నడిపించారు. దారిలోనే ఆకలికి, దాహానికి ఎందరో పోయారు. బతికిన పిల్లల్లో చాలామంది మతం, పేరు మారి వేరే ఇళ్లలో పెరిగారు. ఆ పిల్లలకు ‘ఊచకోత’లో చోటేదీ?

రిస్కు: ‘జాతిహననం’ అంటే టర్కీ ఒప్పుకోదు. 2016లో జర్మనీ పార్లమెంటు ఆ మాట వాడితే తన రాయబారిని వెనక్కి పిలిపించుకుంది. అప్పటి అమెరికా అధ్యక్షుడు బైడెన్ 2021లో వాడారు. మన డెస్కుకు అంత టెన్షన్ అక్కర్లేదు.

కాలం: ‘జెనోసైడ్’ (జాతిహననానికి ఇంగ్లీషు మాట)ను పోలండ్ యూదు న్యాయవాది రఫేల్ లెమ్కిన్ పుట్టించింది 1944లో. అయినా ఆయన మనసులో ఆర్మేనియన్లు ముందునుంచీ ఉన్నారు కాబట్టి, ‘అప్పటికి ఆ మాటే లేదుగా’ అన్న వాదన నాకు తేలిపోయినట్టే కనిపిస్తుంది.

అదే సామ్రాజ్యంలో అంతకు ముందు ఆర్మేనియన్లపై జరిగిన 1894–96 నాటి హత్యలకు, 1909లో అదానా ప్రాంతంలో జరిగిన ఘటనకు ‘ఊచకోత’ రాయండి. 1915 నుంచి జరిగినదానికి ‘జాతిహననం’. హెడ్డింగులో పట్టకపోతే ఫాంటు తగ్గించండి.