అన్నే ఫ్రాంక్ ఇంటి టికెట్ అనుకుని మేము కొన్నది టికెట్ కాదు

ఆమ్‌స్టర్‌డామ్ వెళ్లబోతున్న వాళ్లు, ముఖ్యంగా పిల్లలకు అన్నే ఫ్రాంక్ ఇల్లు చూపిస్తామని మాట ఇచ్చినవాళ్లు, డబ్బు కట్టేముందు ఇది చదవండి. అన్నే అనే యూదు బాలిక నాజీల నుంచి దాక్కుని డైరీ రాసిన ఇల్లు అది, ఇప్పుడు మ్యూజియం. మేము 168 యూరోలు కట్టి ఆ ఇంటి గుమ్మం దాకా వెళ్లి వెనక్కి వచ్చాం.

మా అక్క ఆమ్‌స్టర్‌డామ్ పక్కనే ఆమ్‌స్టెల్‌వీన్‌లో ఉంటుంది. పోయిన మే నెలలో వాళ్లింటికి వెళ్లాం. పద్నాలుగేళ్ల మా అమ్మాయి ఆ డైరీ రెండుసార్లు చదివింది. ఊళ్లో ఇంకేమీ చూడకపోయినా ఫరవాలేదు, ఆ ఇల్లు ఒక్కటి చూస్తే చాలంది. ప్రయాణానికి పది రోజుల ముందు ఫోనులో వెతికితే అన్నిటికంటే పైన ఒక సైటు కనిపించింది. రహస్య గదులకు అడ్డుగా పెట్టిన పుస్తకాల అలమార ఫోటో, దాని కింద 'అన్నే ఫ్రాంక్ టికెట్లు' అని పెద్ద అక్షరాలు. మనిషికి 42 యూరోలు. నలుగురికీ కొన్నాను.

వాళ్లు రమ్మన్న చోటు వాటర్‌లూప్లైన్. ఇల్లు అక్కడ లేదు కదా అని అప్పుడే అడగవలసింది. పదిహేనుమందిని పోగుచేసి గైడు నడిపించాడు. అతని మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు, చాలా బాగా చెప్పాడు. 1675 నాటి పోర్చుగీసు యూదుల ప్రార్థనాలయం చూపించాడు. నాజీలు యూదులను పట్టుకుపోతున్నందుకు నిరసనగా 1941 ఫిబ్రవరిలో నగర కార్మికులు సమ్మె చేశారట. దాని గుర్తుగా నిలిపిన రేవు కూలీ విగ్రహం ముందు చాలాసేపు ఆగాం. తర్వాత కాలువల వెంట నడక. ముందుకు కాస్త వాలినట్టుండే సన్నని ఇళ్లు, ప్రతి ఇంటి నెత్తిన ఒక ఇనుప కొక్కెం. మెట్లు మరీ ఇరుకు కాబట్టి బీరువాలనూ మంచాలనూ ఆ కొక్కేనికి తాడు వేసి కిటికీలోంచి లోపలికి లాగుతారు. వంతెనల కమ్మీల నిండా సైకిళ్లు, కింద నీళ్ల మీద పడవల్లో కాపురాలు, కిటికీల్లో పూలకుండీలు. అంత అందమైన నడక నేను మరెక్కడా నడవలేదు.

అన్నే ఇల్లున్న ప్రిన్సెన్‌గ్రాఖ్ట్ కాలువ దగ్గరికి వచ్చేసరికి వెస్టర్‌కెర్క్ చర్చి గంట మోగింది. అన్నే తన డైరీలో రాసుకున్న గంట అదే. మా అమ్మాయి నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. సరిగ్గా అక్కడ గైడు అందరికీ ధన్యవాదాలు చెప్పి, నడక పూర్తయిందన్నాడు.

లోపలికి ఎప్పుడు వెళ్తాం అని అడిగాను. ఇందులో ప్రవేశం లేదన్నాడు. ద్వారం దగ్గరి సిబ్బంది కూడా మర్యాదగానే చెప్పారు, అక్కడ టికెట్లు అమ్మరట. నేను కొన్న పేజీలో బాగా కింద, 'ఇందులో లేనివి' అన్న చోట, మ్యూజియం ప్రవేశం లేదని ఒక్క వాక్యం ఉంది. అంత కిందికి చూడకపోవడం నా తప్పే. కానీ పైన ఆ అలమార ఫోటో పెట్టి, టికెట్లు అని రాసి, అసలు సంగతి అడుగున దాచడం మోసం కాక మరేమిటి?

అసలు టికెట్లు మ్యూజియం సొంత సైటు అన్నెఫ్రాంక్ డాట్ ఆర్గ్‌లో తప్ప ఎక్కడా అమ్మరు. ప్రతి మంగళవారం అక్కడి సమయం ఉదయం 10 గంటలకు, ఆరు వారాల తర్వాతి తేదీలకు విడుదల చేస్తారు. మన దేశంలో అది, అక్కడి వేసవిలో అయితే మధ్యాహ్నం 1:30, చలికాలంలో 2:30. ధర పెద్దవాళ్లకు 16 యూరోల చిల్లర, పిల్లలకు అందులో సగం కూడా ఉండదు. తొందరగా అయిపోతాయి. విమానం టికెట్లు కొన్న రోజే మీకు ఏ మంగళవారం వస్తుందో లెక్కవేసి పెట్టుకోండి. చిత్రకారుడు వాన్‌గో పేరిట ఉన్న మ్యూజియానికి కూడా వాళ్ల సైటులోనే ముందుగా సమయం తీసుకోవాలి. కాలువల్లో పడవ షికారుకు మాత్రం ఇంత కంగారు అక్కర్లేదు, సెంట్రల్ స్టేషన్ ఎదుటి రేవులోనే పడవలు దొరుకుతాయి.

డబ్బు తిరిగి ఇమ్మని రాస్తే, 24 గంటల ముందే రద్దు చేసుకోవలసిందని ఆ సైటువాళ్ల జవాబు. కార్డు ఇచ్చిన బ్యాంకుకు ఫిర్యాదు చేశాను. కొన్న రోజున ఆ పేజీ ఎలా ఉందో చూపించమని వాళ్లు మొట్టమొదట అడిగారు. నేను దాచుకోలేదు. మీరు ఎక్కడ కొన్నా సరే, కట్టేముందు పేజీ పైనుంచి కింది దాకా స్క్రీన్‌షాట్లు తీసి ఉంచుకోండి. మా ఫిర్యాదు ఇంకా తేలలేదు.