పచ్చగీత మీద వేలు పెట్టి చూడండి: గ్రూమర్ ట్రాకింగ్ యాప్, మూడు చలికాలాల వాడకం తర్వాత

మిషిగన్ ఎగువ ద్వీపకల్పంలో స్నోమొబైల్ (మంచు మీద నడిచే బండి, స్లెడ్ అనీ అంటారు) నడిపేవాళ్లకి ఈ యాప్ పరిచయం అక్కర్లేదు. గ్రూమర్ అంటే స్నోమొబైల్ దారుల (ట్రెయిళ్ల) మంచుని చదును చేసే ట్రాక్టరు. అది వెళ్లిన దారి పచ్చగా, రోజు దాటితే పసుపుగా, ఆ తర్వాత బూడిదరంగులో కనిపిస్తుంది. మ్యాపు, పెట్రోలు బంకులు, హోటళ్లు అన్నీ సరిగ్గానే ఉన్నాయి. నా మాటంతా ఆ పచ్చగీత గురించే.

మొదటి చలికాలం దానికి దణ్ణం పెట్టాలనిపించింది. డెట్రాయిట్ చుట్టుపక్కల నుంచి ట్రెయిలర్ లాక్కుంటూ తొమ్మిది గంటలు డ్రైవ్ చేసి ఎగువ ద్వీపకల్పంలోని హోటన్ చేరిన మనిషికి, పొద్దున్నే ఎటు వెళ్లాలో కాఫీ చల్లారేలోపు తేల్చిపెట్టేది. శనివారం రద్దీకి ట్రెయిల్ ఎలా గతుకులు తేలుతుందో తెలిసినవాళ్లకి దీని విలువ చెప్పక్కర్లేదు.

రెండో చలికాలంలో అసలు రంగు బయటపడింది. శనివారం ఉదయం తొమ్మిదింటికి అడవిలో ఒక పొడవాటి ముక్క మొత్తం పచ్చగా వెలిగింది: "1 గంట క్రితం". వెళ్లి చూస్తే, వరసగా మోకాలెత్తు గతుకులు. గ్రూమర్ వెళ్లిన మాట నిజమే, కానీ ఎప్పుడు? ముందురోజు సాయంత్రం ఆరింటికి. శుక్రవారం రాత్రి బళ్లన్నీ దాని మీద నుంచే పోయాయి.

ఎలా జరిగిందంటే, ట్రాక్టరులోని జీపీఎస్ పెట్టె సిగ్నల్ లేనిచోట పాయింట్లను (బండి ఎప్పుడు ఎక్కడుందన్న గుర్తుల్ని) తనలోనే దాచుకుంటుంది. బండి షెడ్డుకి తిరిగొచ్చి నెట్ దొరికాక ఒక్కసారిగా పంపేస్తుంది. ప్రతి పాయింటుకీ రెండు సమయాలుంటాయి: జీపీఎస్ రాసుకున్నది ఒకటి, సర్వర్‌కి అందింది ఒకటి. యాప్ రంగు వేసింది రెండోదాన్ని పట్టుకుని. ఈ పెట్టెలు గ్రూమర్లు నడిపే స్నోమొబైల్ క్లబ్బులకి మొదట కావలసింది ఎన్ని మైళ్లు నడిపారన్న లెక్క కోసం. ఆ లెక్కకి పాయింట్లు సాయంత్రం వచ్చినా తెల్లారి వచ్చినా ఒకటే. మనకి మాత్రం ఒకటి కాదు.

ఇంకో తిరకాసు ఉంది. ట్రాక్టరు వెనక లాగే డ్రాగ్ అంటే మన గుంటకా పరంబూ ఒకే చట్రంలో ఉన్నట్టు: ముందు పళ్లు గతుకుల్ని అడుగుదాకా కోస్తాయి, వెనక పలక అణుస్తుంది. ఆ డ్రాగ్‌ని పైకెత్తి ఊరికే ఇంటికి పోతున్నా జీపీఎస్‌కి తెలియదు, పచ్చగీత పడిపోతుంది. హైడ్రాలిక్ లైనుకో చట్రానికో ఒక స్విచ్ బిగిస్తే తీరే సమస్య ఇది. బిగించని బళ్లు ఇంకా ఉన్నాయి.

పట్టుకునే ఉపాయం పాయింట్ల ఎడం. గీత మీద వేలు పెట్టి విడి పాయింట్లు తెరవండి. పనిచేస్తున్న గ్రూమర్ గంటకి 7 మైళ్ల దరిదాపుల్లో పోతుంది. నిమిషానికో పాయింటు చొప్పున ఎడం 600 అడుగులు పైచిలుకు. అదే పావు మైలు ఉంటే 15 మైళ్ల వేగం, అంటే దాదాపు ఖాయంగా డ్రాగ్ పైకెత్తి ఉంది. గీత మెల్లగా పెరగకుండా ఇరవై మైళ్లు ఒక్క క్షణంలో ప్రత్యక్షమైతే అది పాత సరుకే.

ఒకటి మాత్రం నేను ఊహించనిది. గీత నిజంగా తాజాదైనా అంత మంచిది కాదు! కోసిన మంచు రేణువులు ఒకదానికొకటి అతుక్కుని గట్టిపడటానికి కనీసం రెండు గంటలు పడుతుంది, ఆరు దాటితే ఇంకా మేలు. చలి తగ్గి 32 డిగ్రీల ఫారెన్‌హీట్ దగ్గరికొస్తే అది గట్టిపడటమే కష్టం. గచ్చు ఆరకముందే నడిచినట్టు, గంట క్రితం దున్నిన దారిని పది స్లెడ్లు చాలు పాడుచేయడానికి. అందుకే ఇప్పుడు వెతికేది తాజా గీత కాదు, రాత్రి పదకొండుకీ రెండుకీ మధ్య పడిన గీత.

మంచు సంగతి యాప్‌కి ఎలాగూ తెలియదు. 1978–79లో 390.4 అంగుళాలు పడిన కీవినాలో (ఎగువ ద్వీపకల్పపు ఉత్తర కొస), సుపీరియర్ సరస్సు మీద గాలి తిరిగితే చక్కటి గీత కూడా తెల్లారేసరికి కొత్త మంచు కింద ఉంటుంది. పడమటి నాలుగు కౌంటీలు (గొగిబిక్, ఐరన్, డికిన్సన్, మెనామిని) మిగతా మిషిగన్ కన్నా గంట వెనకుండే సెంట్రల్ టైములో ఉన్నాయి, ఆ గంట అక్కడా తేడా కొడుతుంది.

కదిలే గ్రూమర్ చుక్కని మలుపుల దగ్గర అస్సలు నమ్మకండి. అది 15 నిమిషాలకోసారి మారితే ఆ లోపు బండి మైలున్నర దాటిపోతుంది, పైగా డ్రాగ్ ట్రెయిల్ వెడల్పంతా ఆక్రమిస్తుంది. ఫోన్ లోపలి జేబులో, ఒంటికి తగిలేలా ఉంచండి. హ్యాండిల్‌బార్ మీద బిగిస్తే చలికి బ్యాటరీ ఉన్నట్టుండి చచ్చిపోతుంది.

పోయిన సీజన్ అప్‌డేట్‌లో రంగుని జీపీఎస్ సమయానికి మార్చారు, కానీ పాత పెట్టెలున్న క్లబ్బుల దగ్గర అప్పుడప్పుడూ పాత జబ్బే. హోటన్‌లోనే ఉండి చదువుకునేవాళ్లయితే చందా కట్టక్కర్లేదు, బంకులో ఒకరిని అడిగితే చాలు. వారాంతానికి దక్షిణం నుంచి వచ్చేవాళ్లకి, రెండు రోజుల్లో ఒక రోజు చెడితే సగం ట్రిప్పు పోయినట్టే కాబట్టి, నా మటుకు నేను ఈసారీ కడుతున్నాను. ఏడాది చందా కాదు, జనవరి, ఫిబ్రవరి రెండు నెలలకే.