సాల్మన్ గాలం సెట్టు మానేరు నీళ్లలో ఎంతవరకు పనికొస్తుంది

అమెరికా, కెనడా దేశాల నడుమ ఉన్న మహా సరస్సులలో సాల్మన్, ట్రౌట్ చేపల వేట కోసం తయారయ్యే గాలం సెట్లు ఇప్పుడు ఆన్‌లైన్‌లో మన చిరునామాలకూ వస్తున్నాయి. అటువంటి సెట్టు ఒకటి హన్మకొండకు తెప్పించుకొని, వానాకాలం వెళ్లిన నాటి నుంచి ఎండలు ముదిరేదాకా కరీంనగర్ దగ్గరి లోయర్ మానేరు జలాశయంలోనూ, వరంగల్ చుట్టుపక్కల చెరువుల్లోనూ వాడి చూశాను. ఇదే సరుకు నాలుగైదు పేర్లతో అమ్మకానికి కనిపిస్తున్నందున అమ్మిన సంస్థ పేరు రాయడం లేదు. పేరు ఏదైనా పెట్టెలోని వస్తువులు, వాటి గుణదోషాలు దాదాపు ఒకటే కాబట్టి కొనదలచినవారికి ఈ సమీక్ష సరిపోతుంది.

పెట్టెలో ఎనిమిదిన్నర అడుగుల రెండు ముక్కల కర్ర, తీగ ఎన్ని అడుగులు వదిలామో అంకెల్లో చూపే రీలు, నైలాన్ తీగ చుట్ట, పలుచని రేకుతో చేసిన స్పూన్ ఎరలు ఆరు, నీటిలోకి ఎరను లాక్కుపోయే ప్లాస్టిక్ బిళ్ల ఒకటి, ఫ్లోరోకార్బన్ తీగ కొంత, చిన్నాచితకా కొక్కేలు ఉంటాయి. పనితనం విషయంలో ఫిర్యాదు తక్కువ. కర్రకు బిగించిన కడియాల లోపలి అంచులు నున్నగా ఉన్నాయి. రెండు ముక్కలూ కలిసేచోట వదులు లేదు. చేతిపిడి బెండు దట్టమైనది. అయితే పని నాణ్యంగా ఉండటం వేరు, మన నీళ్లకు తగినట్టుగా ఉండటం వేరు. ఈ సెట్టును అంచనా వేయాలంటే అది ఏ నీటికోసం పుట్టిందో ముందు తెలుసుకోవాలి.

మిషిగన్ సరస్సు విస్తీర్ణం సుమారు 58,000 చదరపు కిలోమీటర్లు, అత్యధిక లోతు 281 మీటర్లు. అక్కడి సొంత చేప లేక్ ట్రౌట్. కాలువల గుండా చొరబడిన లాంప్రే అనే రక్తం పీల్చే జలచరం వల్ల, మితిమీరిన వేట వల్ల అది దాదాపు తుడిచిపెట్టుకుపోయింది. తినే పెద్ద చేప లేకపోవడంతో సముద్రం నుంచి వచ్చి చేరిన ఏల్‌వైఫ్ అనే చిన్న వెండిచేప విపరీతంగా పెరిగి, గుట్టలు గుట్టలుగా చచ్చి ఒడ్డుకు కొట్టుకొచ్చేది. దానిని తినడానికి, వేటగాళ్లకు వినోదంగానూ ఉంటుందని, మిషిగన్ రాష్ట్ర ప్రభుత్వం 1966లో కోహో సాల్మన్ పిల్లలను, 1967లో చినూక్ సాల్మన్ పిల్లలను వదిలింది. పసిఫిక్ తీరపు చేపలు అట్లా మంచినీటి సరస్సుకు అలవాటు పడ్డాయి. ఈ సెట్టులోని స్పూన్లు వెండిరంగులో, నాలుగంగుళాల లోపు పొడవుతో, ఆకు ఆకారంలో ఉండటానికి కారణం ఆ ఏల్‌వైఫ్ చేపే. ఆకలిగొన్న చినూక్ కంటికి నీటిలో తళుక్కుమనేది ఏదైనా ముందు ఏల్‌వైఫ్‌లాగే కనిపించాలన్నది తయారీదారు ఆలోచన.

రెండో సంగతి చల్లదనం. వేసవిలో అక్కడి సరస్సుల పైనీరు వెచ్చబడి, దాని కింద ఒక హద్దు గీసినట్టుగా చన్నీటి పొర నిలుస్తుంది. చినూక్ సుమారు 12, 13 డిగ్రీల సెల్సియస్ నీటిని వెతుక్కుంటుంది. లేక్ ట్రౌట్‌కు అంతకన్నా చల్లని నీరు కావాలి. కాబట్టి అక్కడి వేటగాడు ముందు ఏ లోతులో చల్లదనం మొదలవుతుందో తెలుసుకొని, ఎరను సరిగ్గా అక్కడికి దింపి, మోటారు పడవను గంటకు నాలుగు కిలోమీటర్ల వేగంతో నడుపుతూ వెనక ఎరను ఈడుస్తాడు. ఎరను దింపడానికి ఇనుప తీగకు కట్టిన బరువైన గుండు, చేప లాగగానే దారాన్ని వదిలేసే క్లిప్పు వాడతారు. దానిని డౌన్‌రిగ్గర్ అంటారు, అది ఈ పెట్టెలో లేదు. దాని బదులే ప్లాస్టిక్ బిళ్ల ఇచ్చారు. రీలు మీద అడుగుల లెక్క చూపడంలోని మర్మం కూడా ఇదే: ఒక చేప నూట ఇరవై అడుగుల దగ్గర దొరికితే, మళ్లీ అంతే తీగ వదిలితే మరొకటి దొరికే అవకాశం ఉంది.

ఇక మన సంగతి. మానేరు నది మీద కట్టిన, 1985 నుంచి వాడుకలో ఉన్న లోయర్ మానేరు జలాశయం 24 టీఎంసీల సామర్థ్యం గలది. మన లెక్కలో అది సముద్రమే. అయినా చైత్ర వైశాఖాల్లో దాని పైనీరు ముప్పై డిగ్రీలు దాటుతుంది, 12 డిగ్రీల పొర ఎక్కడా దొరకదు. మన చేపలు చల్లదనం కొలుచుకొని లోతు ఎంచుకోవు. మేత, నీడ, పొద్దు, ఊపిరి చూసుకొని తిరుగుతాయి. సెట్టుతో పాటు వచ్చిన పుస్తకంలోని ఉష్ణోగ్రతల పట్టిక ఇక్కడ ఎందుకూ కొరగాదు.

రీలును కట్ట మీద పరీక్షించాను. ఇంటి దగ్గర కొలిచి ముడి వేసిన వంద అడుగుల తాడు పక్కన తీగను పరిచి చూస్తే, అంకెల కిటికీ నూట పద్దెనిమిది చూపింది. కారణం లోపల ఉంది. ఈ యంత్రం తీగను కొలవదు, తీగ చుట్టుకొని ఉండే గుండ్రం ఎన్నిసార్లు తిరిగిందో లెక్కపెడుతుంది. గుండ్రం అంచుదాకా తీగతో నిండి ఉన్నప్పుడే ఒక చుట్టుకు ఎంత పొడవో సరిపోతుంది. పెట్టెలో ఇచ్చిన తీగ గుండ్రాన్ని ముప్పావు వంతే నింపుతుంది కాబట్టి ప్రతి చుట్టుకూ తీగ తక్కువ వదులుతుంది, లెక్క మాత్రం పెరుగుతుంది. అడుగున పాత నైలాన్ కొంత చుట్టి, దాని మీద కొత్త తీగ వేశాక తేడా రెండు మూడు అడుగులకు తగ్గింది. చేసుకోగలిగిన పనే, కానీ వేలు పోసి కొన్న పెట్టెలో తీగ చాలకపోవడాన్ని నేను లోపంగానే లెక్కిస్తాను.

అంతకన్నా పెద్ద ఇబ్బంది, ఈ రీలుతో ఎరను విసరలేకపోవడం. మనలో నూటికి తొంభై మంది కట్ట మీదనో, రాతి పరుపు మీదనో నిలబడి గాలం వేసేవాళ్లం. ఈ తరహా రీలు పడవ నుంచి తీగను మెల్లగా వదలడానికే చేసింది. విసిరితే గుండ్రం అదుపు తప్పి తిరిగి, తీగ కాకిగూడులా చిక్కుపడుతుంది. పైగా అంకెల పళ్లు అరిగిపోతాయి. దానికి తోడు స్పూన్లు మరీ పలుచన. మానేరు మీద సాయంత్రం గాలి లేస్తే అవి ముందుకు పోవు, పక్కకు జారి పడతాయి. ఒకనాడు కట్ట దగ్గర పుట్టిని ఒడ్డుకు లాగుతున్న పెద్దాయన ఒకరు నా అవస్థ చూసి, "విసిరెటందుకు గాదు సారూ, గుంజుకపోయెటందుకున్నది ఇది," అన్నారు. తయారీదారు పుస్తకం ఆరు పేజీల్లో చెప్పినది ఆయన చూడగానే పట్టేశారు.

కాబట్టి సెట్టుకు న్యాయం జరగాలంటే పడవ కావాలి. ఇక్కడ ఒక మాట స్పష్టంగా చెప్పాలి. మన జలాశయాల్లో, చెరువుల్లో చేపల మీద హక్కు చాలావరకు మత్స్యకారుల సహకార సంఘాలది. ప్రభుత్వం ఉచితంగా ఇచ్చే చేపపిల్లలతో పాటు వాళ్ల కష్టం, కాపలా అందులో ఉన్నాయి. సరదాగా గాలం వేసేవారు సంఘం వారిని అడగకుండా నీళ్లలోకి దిగడం సభ్యత కాదు, పట్టుబడితే మాట పడక తప్పదు. నేను సంఘం వారి అనుమతితో, వారిలో ఒకరు తెడ్డు వేస్తుండగా ఎర ఈడ్చాను. పుట్టి గుండ్రంగా తిరుగుతుంది కనుక ఈ పనికి పనికిరాదు. పొడవాటి నాటుపడవ అయితేనే స్పూను తిన్నగా వస్తుంది. తెడ్డు వేగం సాల్మన్ వేటకు చెప్పిన వేగం కన్నా తక్కువే గానీ, ఈ పలుచని స్పూన్ల మేలు అక్కడే బయటపడింది. బరువైన నాటు స్పూను అంత నెమ్మదిలో అడుగుకు దిగబడుతుంది, ఇది మాత్రం నీటి నడుమ నిలిచి అటూ ఇటూ ఊగుతూ, దెబ్బతిన్న పరక చేపలా మెరుస్తూ వచ్చింది.

దానిని అందుకున్నది వాలుగ. తెల్లవారుజామున, చీకటి విచ్చుకునే వేళ, ఎర వెనక నీరు ఒక్కసారి ఉబ్బి, కర్ర పడవ అంచు మీద సగం వంగింది. కర్ర మెత్తగా ఉండటం ఈ ఒక్కచోట వరమైంది: చేప తల విదిలించిన ప్రతిసారీ కర్ర ఆ విదిలింపును మింగింది, గాలం నోటి నుంచి ఊడలేదు. రీలు బ్రేకు, దానిని డ్రాగ్ అంటారు, కుదుపు లేకుండా తీగను వదిలింది. చినూక్ ఒక్క పరుగులో వంద మీటర్ల తీగను లాక్కుపోగలదు, ఆ పరుగును ఆపడానికి చేసిన బ్రేకుకు మన వాలుగ బరువు ఒక లెక్క కాదు. సెట్టు మొత్తంలో నేను మనసారా మెచ్చుకునే భాగం ఈ బ్రేకే. అయితే చేప పడవలోకి వచ్చాక చూస్తే ఫ్లోరోకార్బన్ తీగ చివరి జానెడు మేర చీకినట్టు గరుకెక్కి, తెగడానికి సిద్ధంగా ఉంది. సాల్మన్, ట్రౌట్‌లు తేటనీటిలో తీగను చూసి బెదురుతాయని ఆ కనిపించని తీగ ఇచ్చారు. వాలుగ నోటినిండా ఉండే ముళ్లపళ్ల సంగతి వారికి తెలియదు. దాని స్థానంలో జానెడు స్టీలు తీగ కట్టుకోవడం తప్పనిసరి. స్టీలు తీగ కట్టాక స్పూను ఊపు కొంచెం తగ్గుతుంది గానీ చేప పట్టించుకున్నట్టు కనిపించలేదు.

ప్లాస్టిక్ బిళ్ల విషయంలో మాత్రం ఓపిక నశించింది. పడవ లాగుతుంటే అది నీటిని కోసుకుంటూ ఎరను కిందికి తీసుకుపోతుంది. ముప్పై నలభై మీటర్ల నీరు కింద ఉన్నచోట అది తెలివైన సాధనం. మన జలాశయాల అడుగున మునిగిపోయిన ఊళ్ల గోడలు, బావుల ఒరలు, తుమ్మ మోడులు ఉన్నాయి. బిళ్ల నేరుగా వాటి దగ్గరికే పోయి ఇరుక్కుంటుంది. మొదట స్పూను పోయింది, తరువాత బిళ్లే పోయింది. దానికోసం మళ్లీ డబ్బు పెట్టే ఉద్దేశం నాకు లేదు.

చెరువుల్లో, అంటే పాకాల, రామప్ప వంటి కాకతీయుల నాటి తటాకాల అంచుల్లోనూ ఊరి చెరువుల్లోనూ కొర్రమీను కోసం ఈ సెట్టు కొనాలనుకునేవారికి నా సలహా ఒక్కటే: వద్దు. మన రాష్ట్ర చేప అయిన కొర్రమీను అన్ని విధాలా సాల్మన్‌కు ఎదురు. అది నీటిపైకి వచ్చి గాలి పీల్చుకోగలదు కనుక ఊపిరాడని వెచ్చని నీటిలో, నాచులో, తామరాకుల కింద మాటువేసి కూర్చుంటుంది. మేత వెంట మైళ్లు తిరగదు. దాని దగ్గరికి ఎరను కచ్చితంగా విసరాలి, ఆకుల మీదుగా నడిపించాలి, కరచిన మరుక్షణం చుట్టుకోకుండా బలంగా పైకి లాగాలి. మూడు ముళ్ల గాలం ఉన్న ఈ స్పూను మొదటి బారలోనే నాచు ముద్దను తెస్తుంది. ఎముక గట్టిగా ఉండే కొర్రమీను దవడలోకి ముల్లు దిగాలంటే ఈ మెత్తని కర్రకు సత్తువ చాలదు. ముళ్లు పైకి తిరిగి ఉండే రబ్బరు కప్ప, ఏడడుగుల లోపు బిరుసు కర్ర, విసరడానికి వీలైన మామూలు స్పిన్నింగ్ రీలు, దళసరి అల్లిక తీగ ఉంటే ఇంతకన్నా చాలా తక్కువ ఖర్చుతో పని నెరవేరుతుంది. ఎర్రని పిల్లల గుంపును కాస్తూ తిరిగే జంటను మాత్రం వదిలేయండి. అవి ఎరను ఆకలితో కాదు, పిల్లల మీద ప్రేమతో కొడతాయి.

స్పూన్ల రంగుపూత గట్టిది, రాళ్లకు గీసుకున్నా లేవలేదు. గాలాలు అట్లా కావు. తడి తుడవకుండా పెట్టెలో పెడితే వారంలోపే కొసలు తుప్పు పట్టాయి. మూడు ముళ్లవి తీసేసి, వరంగల్‌లో వలలు అమ్మే దుకాణంలో దొరికే పెద్ద ఒంటి గాలాలు బిగించుకున్నాను. నాచు తక్కువ పట్టింది, చేపను వదిలేయాలనుకున్నప్పుడు నోరు చీలలేదు. రీలు పిడిలో వచ్చిన కటకట శబ్దం గురించి అమ్మినవారికి రాస్తే, ఫొటో పంపమన్నారు. శబ్దానికి ఫొటో ఎట్లా తీయాలో చెప్పలేదు.

చికాగో, మిషిగన్ ప్రాంతాల్లో పిల్లలున్న తల్లిదండ్రులు మన జిల్లాల్లో తక్కువేమీ కాదు. అక్కడికి వెళ్లినప్పుడు వాడుకోవచ్చని ఈ సెట్టు కొనేవారు కనిపించారు. అందుకోసమైతే కొనవద్దు. అద్దె పడవ మాట్లాడుకుంటే కర్రలు, రీళ్లు, డౌన్‌రిగ్గర్లు అన్నీ పడవ యజమానివే. మనం చేయాల్సింది ఆ రాష్ట్రపు చేపల వేట లైసెన్సు తీసుకోవడం, వెచ్చని బట్టలు వేసుకోవడం. వసంతంలో సరస్సు దక్షిణపు కొస ముందుగా వేడెక్కుతుంది కనుక కోహోలు చికాగో ఒడ్డుకు దగ్గరగా వస్తాయి. ప్రయాణం ఆ రోజులకు కలిసివచ్చేట్టు చూసుకుంటే ఒడ్డు నుంచి కూడా ప్రయత్నించవచ్చు, దానికి విసిరే రీలు వేరుగా కావాలి.

పడవ, సంఘం అనుమతి, వాలుగ మీద మోజు మూడూ ఉన్నవారు మొత్తం సెట్టు కాకుండా రీలును, స్పూన్లను విడిగా తెప్పించుకోవాలి. విడిగా కొంటే నేను పెట్టిన డబ్బులో సగానికి కాస్త ఎక్కువ అవుతుంది. స్పూన్లలో వెండిరంగువి, వెండి మీద నీలం గీత ఉన్నవి ఎంచుకోండి. నారింజ, ఆకుపచ్చ రంగులవి నా పెట్టెలో కొత్తవిగానే ఉన్నాయి.