బొమ్మలకు నాలుగున్నర స్టార్లు, కథలకు ఒకటిన్నర, ప్రింటింగ్‌కి ఒకటి

జార్జ్ క్రూక్‌షాంక్ పాత పిల్లల కథల్ని తనే తిరగరాసి బొమ్మలేసిన 'ఫెయిరీ లైబ్రరీ' రీప్రింట్ తెప్పించుకున్నాను. ఇంగ్లీషు రచయిత డికెన్స్ నవల 'ఆలివర్ ట్విస్ట్'కి బొమ్మలేసిన ఆయనే ఈయన, 1823లో జర్మనీ గ్రిమ్ సోదరుల కథలు ఇంగ్లీషులోకి వచ్చినప్పుడు కూడా బొమ్మలు ఈయనవే. ఆ పిచ్చితోనే కొన్నా.

ప్రింటింగ్ మాత్రం దారుణం. వెంట్రుకంత సన్నగా గీసిన గీతలన్నీ కలిసిపోయి మసిగుడ్డతో తుడిచినట్టు ఉన్నాయి. అమ్మినవాళ్లని అడిగితే పాత పుస్తకం కదండీ, అలాగే ఉంటుంది అన్నారు. పాత ప్రతుల స్కాన్లు నెట్‌లో ఉచితంగా దొరుకుతున్నాయి, అవే నయం.

ఇక కథలు. 1853లో బొటనవేలంత బుడతడి కథ 'హాప్ ఓ మై థంబ్'తో మొదలైన సిరీస్ ఇది. దానికి కొన్నేళ్ల ముందే క్రూక్‌షాంక్ మందు పూర్తిగా మానేశాడు, మానినవాడు ఊరుకోకుండా కనిపించిన ప్రతివాడితోనూ మాన్పించే పనిలో పడ్డాడు (ఇలాంటివాళ్లు మనకీ తెలుసు, పెళ్లి భోజనాల్లో పక్కన కూర్చుంటారు). తాగుడు ఒక కుటుంబాన్ని ఎలా తినేస్తుందో చూపిస్తూ 1847లో 'ద బాటిల్' అని ఎనిమిది బొమ్మలు వేశాడు, అవి అద్భుతం. కానీ అదే ప్రచారం పిల్లల కథల్లోకి తెచ్చేశాడు. సిండ్రెల్లా పెళ్లికి రాజుగారు ఊళ్లో వైన్ ఫౌంటెన్లు పెట్టిస్తానంటాడు. దేవత వచ్చి తాగితే ఏమవుతుందో ఉపన్యాసం దంచుతుంది, రాజుగారు మారిపోయి ఊళ్లో ఉన్న మందంతా పోగు చేయించి తగలబెట్టిస్తాడు. పెళ్లి కథ చదువుతున్నామా, మద్యనిషేధం జీవో చదువుతున్నామా?

డికెన్స్‌కి సిండ్రెల్లా రాకముందే, మొదటి పుస్తకం 'హాప్ ఓ మై థంబ్'తోనే ఒళ్లు మండింది. ఇద్దరూ పాత స్నేహితులే, అయినా 1853 అక్టోబర్ 1న తన పత్రిక 'హౌస్‌హోల్డ్ వర్డ్స్'లో 'ఫ్రాడ్స్ ఆన్ ది ఫెయిరీస్' అని రాసి ఉతికేశాడు. ఇలా మొదలుపెడితే రేపు మందు వద్దనేవాళ్లు రమ్ము లేని రాబిన్సన్ క్రూసో వేస్తారు, శాంతివాదులు రమ్ము ఉంచి తుపాకీ మందు తీసేస్తారు, శాకాహారులు మేకమాంసం తీసేస్తారు అని వెక్కిరించి, తనే అలాంటి ఉపన్యాసాల సిండ్రెల్లా ఒకటి రాసి చూపించాడు. అందులో బండిగా మారే గుమ్మడికాయ అమెరికాది, ఎందుకంటే అక్కడ కొన్నిచోట్ల మందు అమ్మకూడదని చట్టాలున్నాయట. నవ్వు ఆపుకోలేకపోయాను, పుస్తకం కంటే ఈ వ్యాసమే బాగుంది.

అయితే 1854లో క్రూక్‌షాంక్ ఇచ్చిన జవాబు కూడా చదవండి. హాప్ ఓ మై థంబ్ స్వయంగా డికెన్స్‌కి ఉత్తరం రాసినట్టు రాశాడు. అసలు కథలో తల్లిదండ్రులే పిల్లల్ని అడవిలో వదిలేస్తారు, రాక్షసుడు తన కూతుళ్ల గొంతులే కోస్తాడు, దాన్ని మారిస్తే తప్పేంటని అడుగుతాడు. అందులో న్యాయం ఉంది, కాదనలేం. కానీ తీసేసిన రక్తం స్థానంలో ఉపన్యాసం పెడితే పిల్లలు చదువుతారా? మా ఏడేళ్ల పాపకి తెలుగులో చెబుతూ పోయాను, దేవత ఉపన్యాసం సగంలో ఉండగానే లేచి వెళ్లిపోయింది. గుమ్మడికాయ బండిగా మారే బొమ్మ మాత్రం, ఇంత చెత్త ప్రింట్‌లోనూ, మళ్లీ మళ్లీ తీసి చూస్తోంది. అందుకే రిటర్న్ పెట్టలేదు.