స్క్రీన్ ప్రింటింగ్ ఫ్రేము: సున్నలు రాలనంత కాలం బంగారమే

నా స్క్రీన్ ప్రింటింగ్ ఫ్రేము మీద నాకున్న మక్కువంతా అది వేసే అచ్చు వల్ల వచ్చింది. దూదితో చేసిన చేతి కాగితం మీద సిరా కాస్త ఉబ్బెత్తుగా నిలుస్తుంది. కళ్లు మూసుకుని వేలితో తడిమినా ‘శ్రీరస్తు’ ఎక్కడ మొదలైందో తెలుస్తుంది. అదే కాగితాన్ని ఇంట్లో ఉన్న లేజర్ ప్రింటరులో పెడితే గరుకు మీద పొడి సరిగా అంటదు. బరువు 250 జీఎస్ఎమ్, అంటే చదరపు మీటరుకు 250 గ్రాములు అయితే రోలరు దగ్గరే ఇరుక్కుంటుంది. ఫ్రేముకు ఆ పేచీ లేదు. కాగితం ఎంత దళసరిదైనా, అంచులు ఎంత వంకరగా ఉన్నా కింద పరిచి, ఫ్రేముకు బిగించిన సన్నని జాలీ మీద సిరాను స్క్వీజీ అనే రబ్బరు పట్టీతో ఒక్కసారి లాగితే సరి.

తమ్ముడి పెళ్లి శుభలేఖలు ఇంట్లోనే వేద్దామని కొన్నాను. చెక్క ఫ్రేము, స్క్వీజీ, ఎమల్షన్ (జాలీకి పూసే, వెలుగుకు గట్టిపడే పూత) డబ్బా, రెండు రంగుల సిరా కలిపి 2,000 రూపాయల లోపే అయ్యాయి. వాడే పద్ధతి వీడియోల్లో అందరూ చూపిస్తున్నదే కాబట్టి మళ్లీ చెప్పను. వాటిలో కనిపించనిది తెలుగు అక్షరాల సంగతి. కిట్టుతో వచ్చిన జాలీ 43టి, అంటే సెంటీమీటరుకు 43 దారాలు. అది బట్టల మీద అచ్చుకు పనికొచ్చేది. దానితో ఇంగ్లీషు పేర్లు బాగానే పడతాయి. ‘లక్ష్మి’ వేసి చూడండి, కింద ఉన్న రెండు ఒత్తులూ ఒకే ముద్దగా దిగుతాయి. లక్ష్మి లేని శుభలేఖ మన వైపు ఎక్కడుంది? 77టి జాలీ బిగించుకున్నాకే ఒత్తులు విడివిడిగా పడ్డాయి. ఇంకా సన్నని 120టి కూడా దొరుకుతుంది కానీ, నీళ్లలో కలిసే సిరా ఎండాకాలంలో అందులోనే గట్టిపడి రంధ్రాలు మూసేస్తుంది. వైశాఖ, జ్యేష్ఠ మాసాల పెళ్లిళ్లకు దాని జోలికి పోకపోవడం మేలు.

ఫాంటు కూడా చూసుకోవాలి. శీర్షికకు రామభద్ర, మిగతా విషయానికి మండలి నాకు కుదిరాయి, రెండూ ఉచితమే. సన్నం, లావు తేడా మరీ ఎక్కువున్న ఫాంట్లలో సన్నగీత జాలీలోనే మాయమవుతుంది. అంచు డిజైనును మూలల దాకా లాగకండి. నాలుగు మూలలా పసుపు రాస్తారు కదా, ఆ చోటు వదిలేయాలి.

ఇంత మెచ్చుకున్న ఫ్రేము పిన్ని కూతురి పెళ్లికి నన్ను ఏడిపించినంత పని చేసింది. ముహూర్తం శ్రావణంలో. ఆషాఢంలో పెళ్లిళ్లు ఉండవు గానీ, శ్రావణంలో పెళ్లంటే శుభలేఖలు వేయాల్సింది ఆషాఢంలోనే, ఆ ముసురులోనే. ఎమల్షన్ పూసిన జాలీ మొదట చీకట్లో బాగా ఆరాలి, ఆ తర్వాత అక్షరాలు నల్లగా వేసిన పారదర్శక షీటు దాని మీద పెట్టి వెలుగు చూపించాలి. వెలుగు తగిలిన మేర పూత గట్టిపడుతుంది. అక్షరాల నలుపు అడ్డుపడిన చోట మెత్తగా ఉండిపోయి నీళ్లకు కడుక్కుపోతుంది. సిరా దిగేది ఆ దారినే. మా కాకినాడ గాలిలో తేమకు పూత పైకి పొడిగా కనిపిస్తూనే లోపల పచ్చిగా ఉండిపోతుంది. పచ్చి పూత ఎంత వెలుగు చూపించినా సరిగా గట్టిపడదు. రాత్రంతా ఫ్యాను కింద ఉంచి, మబ్బు పట్టిన పగలు డాబా మీద మామూలు కంటే చాలాసేపు పెట్టాను. కడిగితే అక్షరాలు ముచ్చటగా తేలాయి. మొదట పడిన కార్డులు చూసి పిన్ని మురిసిపోయింది కూడా.

కాసేపటికి ‘ఆహ్వానం’లో సున్న నడిమి ఖాళీ పూడిపోయింది. సున్న లోపలి తెలుపు అంటే, జాలీ మీద చుట్టూ ఆసరా లేకుండా అతుక్కుని ఉన్న చిన్న ఎమల్షన్ చుక్క. సిరాలోని నీటికి నాని అది ఊడింది. ఆ వెనక ‘కల్యాణం’, తర్వాత ‘దంపతులు’. సున్నలన్నీ వరసగా రాలిపోయాయి. ‘ఇదేమిటే, అక్షరాలన్నిటికీ బొట్టు పెట్టేశావు?’ అంది పిన్ని. నవ్వే ఓపిక నాకు లేదు. కిట్టుతో ఇచ్చిన కాగితంలో ఎండలో ఎన్ని నిమిషాలు పెట్టాలో ఉంది, తేమ గురించి ఒక్క ముక్క లేదు. సముద్రం పక్క ఊళ్లలో కూడా అమ్ముతున్నప్పుడు ఆ ముక్క రాయవద్దా?

గట్టెక్కించింది మా వీధి చివర టీషర్టుల మీద బొమ్మలు వేసే కుర్రాడు. పూత పూసిన ఫ్రేములను మూసిన చెక్కపెట్టెలో వేడిగాలితో ఆరబెడతాడు. అద్దం బల్ల కింద ఎండకు బదులుగా యూవీ (అతినీలలోహిత) కాంతి ట్యూబులు అమర్చుకున్నాడు. ‘వానాకాలంలో ఎండను నమ్ముకుంటే పని జరగదక్కా’ అన్నాడు. తీసుకున్న డబ్బు కూడా ఎక్కువేమీ కాదు. అతను తయారుచేసిన జాలీ చివరి కార్డు దాకా ఒక్క సున్ననీ వదల్లేదు.

ఇంట్లో వేసుకుంటే డబ్బు మిగులుతుందని తమ్ముడి పెళ్లప్పుడు చుట్టాలందరికీ చెప్పాను. ఆ మాటకు ఇప్పుడు కొంచెం తోక తగిలించాలి. నూరు, నూటయాభై కార్డుల దాకా మిగులుతుంది, అదీ ఒకే రంగు అయితే. రెండో రంగుకు మరో జాలీ కావాలి, అచ్చు పక్కకు జరగకుండా చూసుకునే ఓర్పూ కావాలి. అయిదు వందలు దాటితే, శివకాశిలో తయారై వచ్చే కార్డుల మీద ఊళ్లో ప్రెస్సు వాళ్లు విషయం వేసి ఇచ్చే ధరకు మనం అందుకోలేం. వాళ్లలోనూ చాలామంది వాడేది ఈ స్క్రీన్ ప్రింటింగే, కాకపోతే చేయి తిరిగినవాళ్లు.

నేను ఎదురుచూడని లాభం గుడ్డ మీద వచ్చింది. పక్కన పడేసిన 43టి జాలీతో తాంబూలం సంచులు వేశాను. తర్వాత విడిదింటి గుమ్మానికి మామిడాకుల అచ్చుతో గుడ్డ తోరణాలు, ‘మగపెళ్లివారి విడిది’ అని దారి చూపే పలకలు. సంచి మీద ఒత్తు కాస్త ముద్దయినా ఎవరూ పట్టించుకోరు. ఆరాక తిరగేసి ఇస్త్రీ చేస్తే బట్టల సిరా ఉతుకులకు కూడా ఆగింది. తమ్ముడి పెళ్లి సంచులు ఇప్పటికీ కూరగాయల బజారులో ఎదురవుతుంటాయి. అలంకరణ ఖర్చులో నిజంగా కోత పడింది ఇక్కడే.

మాకు డాబా ఉంది, పెరట్లో కడుక్కోవడానికి పంపు ఉంది, సిరా మరకలకు విసుక్కోని అత్తగారు ఉన్నారు. ఇవేవీ లేని అపార్టుమెంటు వాళ్లకు కొనమని చెప్పడానికి నాకు నోరు రాదు. మాఘంలో మా ఆడపడుచు కూతురి పెళ్లి. వాళ్ల పిలుపులు ఎక్కువ కాబట్టి కార్డులు ప్రెస్సుకే ఇచ్చాం. దగ్గరివాళ్లకు ఇచ్చే కొన్నిటికీ, సంచులకూ మాత్రం ఫ్రేము అటక మీద నుంచి దింపుతున్నాను. మాఘం ఎండ కాబట్టి ఈసారి పూత నేనే పెట్టుకుంటాను.